విశాఖ కొండలకు హద్దులు ఎవరు గీశారు?

ఆంధ్రప్రదేశ్‌లో మూడు జాతీయ ఉద్యానాలు, పదమూడు అభయారణ్యాలు ఉన్నాయి. వాటిని పటం మీద ఒక్కొక్కటిగా గుర్తుపెడుతూ పోతే రాష్ట్రం దక్షిణ భాగం నిండుగా, ఉత్తరపు కొస దాదాపు ఖాళీగా తేలుతుంది. శేషాచలం కొండల్లో శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం, నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల రిజర్వు, కడప వైపు లంకమల, కర్నూలు మెట్టల్లో రోళ్లపాడు, చిత్తూరులో కౌండిన్య, నెల్లూరు తీరాన నేలపట్టు, పులికాట్. గోదావరి దాకా వస్తే పాపికొండలు, కోరింగ. అక్కడితో వరస ఆగిపోతుంది. సీలేరు నుంచి వంశధార దాటి ఇచ్ఛాపురం వరకు ఉన్న తూర్పు కనుమలన్నిటికీ, ఉమ్మడి విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలన్నిటికీ కలిపి ఉన్నది ఒకే ఒక్క అభయారణ్యం. అదైనా మన్యంలో లేదు. విశాఖ నగరంలో, జాతీయ రహదారిని ఆనుకుని ఉంది. పేరు కంబాలకొండ. విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. అడవి దట్టంగా ఉన్న చోట అభయారణ్యం లేకపోవడం, నగరం దట్టంగా ఉన్న చోట ఉండటం ఎలా జరిగింది? ఈ ప్రాంతపు వన్యప్రాణి సంరక్షణను గురించి మాట్లాడాలంటే ముందు ఈ ప్రశ్నకు జవాబు వెతకాలి. ఎందుకంటే ఇక్కడి హద్దులు జీవరాశి ఎక్కడుందో చూసి గీసినవి కావు. గీసే నాటికి ఏ భూమి మీద ఎవరి పట్టు తక్కువగా ఉందో చూసి గీసినవి. ఆ సంగతి ఒప్పుకుంటే ఇకముందు ఏం చేయాలన్నది కూడా మారిపోతుంది.

కంబాలకొండ చరిత్రే ఇందుకు మొదటి సాక్ష్యం. ఈ కొండలు ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉండేవి. 1970లో అటవీశాఖ చేతికి వచ్చాయి. 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. చిరుత, కణుజు, దుప్పి, కొండగొర్రె, అలుగు, అడవిపంది, నక్క ఇక్కడ మిగలడానికి అసలు కారణం 2002 నాటి ప్రకటన కాదు. అంతకుముందు ఎన్నో తరాలపాటు ఆ కొండ ఒకే యజమాని చేతిలో ఉండటం, ముక్కలు కాకపోవడం. తెలుగునాట ఇది ఒక్క విశాఖ కథే కాదు. హైదరాబాదులో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం నిజాం వంశీకుల చిరాన్ ప్యాలెస్ ఆవరణ. వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలి, మెదక్ వైపు పోచారం కూడా నిజాం వేట మైదానాలే. రాజు వేటాడిన చోటు తర్వాత జంతువులకు ఆశ్రయమైంది. ఇందులో విడ్డూరమేమీ లేదు. పంచాల్సిన అవసరం లేని, పట్టాలు ఇవ్వనక్కర్లేని, కాగితాలు చక్కగా ఉన్న భూమి ప్రభుత్వానికి సులువుగా దొరుకుతుంది. సులువుగా దొరికినదాన్ని కాపాడటం తప్పు కాదు. కానీ సులువుగా దొరికిందే కాపాడదగిందనుకోవడం దగ్గర అసలు చిక్కు మొదలవుతుంది.

అదే నగరంలో ఇంకో చోటు చూడండి. విశాఖ రేవు 1933లో తెరుచుకుంది. అంతకుముందు డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట ఆటుపోట్లకు మునిగి తేలే ఉప్పునేలలు, మడ చెట్లు ఉండేవి. ఆ చిత్తడినంతా డ్రెడ్జర్లతో తవ్వి లోపలి హార్బరు చేశారు. దక్షిణపు గాలులకు కొట్టుకొచ్చే ఇసుక రేవు నోరు పూడ్చెయ్యకుండా జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడల్ని కావాలని ముంచి వాటినే అడ్డుగోడగా నిలబెట్టారు. అప్పటి ఇంజనీర్లకు ఆ చిత్తడి ఒక అడ్డంకి, పైగా మలేరియా గుంట. చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు అది పురుడు పోసుకునే చోటన్న ఆలోచన ఆ రోజుల్లో ఏ రేవు కట్టిన ఇంజనీరుకూ లేదు. వాళ్లను ఇప్పుడు తప్పుపట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. కానీ ఇలాంటి నేలే కాకినాడ దగ్గర గౌతమీ గోదావరి ముఖాన కోరింగలో మిగిలింది. 1978లో 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యమై, బావురుపిల్లికి, నీటికుక్కలకు నీడనిస్తోంది. కోరింగ కూడా ఒకనాటి పేరున్న రేవే. నది ఇసుక మేటలు వేసి, తుపానులు ముంచి, ఓడలు మొహం చాటేశాక అక్కడ మడ నిలబడింది. విశాఖలో కొండ కాపు కాసి, లోతు దొరికి, ఓడలు వచ్చాయి, మడ పోయింది. రెండుచోట్లా ప్రకృతి మీద ప్రేమో ద్వేషమో కాదు పనిచేసింది, వాణిజ్యానికి ఆ నేల పనికొచ్చిందా లేదా అన్నదే.

ఇప్పుడు మన్యం వైపు వెళ్దాం. అనంతగిరి, గాలికొండ, అరకు, పాడేరు, చింతపల్లి వరకు ఉన్న కొండలు తూర్పు కనుమల్లోకెల్లా ఎత్తైనవి. వాటిలో కొన్ని 1,600 మీటర్లు దాటతాయి. ఈ కొండల ప్రత్యేకత పక్షిశాస్త్రజ్ఞులకు ఎప్పుడో తెలుసు. ఈశాన్య భారతంలోను, ఆగ్నేయాసియాలోను కనిపించే కొన్ని జాతులు మధ్యలో వందల కిలోమీటర్ల ఎడం వదిలేసి మళ్లీ ఇక్కడ తేలతాయి. వాటిలో అబాట్స్ బాబ్లర్ అనే చిన్న గోధుమరంగు పిట్ట ఒకటి. వాగుల పక్కన తడి పొదల్లో నేలకు దగ్గరగా తిరుగుతుంది. కంటికి కనపడటం కన్నా చెవికి వినపడటమే ఎక్కువ. హిమాలయాల తూర్పు పాదాల్లో ఉండాల్సిన ఆ పిట్ట విశాఖ మన్యంలో ఉందని, ఇక్కడిది కొంచెం వేరని గుర్తించి 1985లో రిప్లీ, బీలర్ దాన్ని ఒక ఉపజాతిగా వర్ణించారు. దానికి పెట్టిన పేరు కృష్ణరాజుయి. విశాఖకు చెందిన పక్షిశాస్త్రజ్ఞుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు ఈ కొండల్లో చేసిన పరిశీలనకు గుర్తింపుగా పెట్టిన పేరది. ఒక తెలుగువాడి పేరు ప్రపంచ పక్షుల జాబితాలో శాశ్వతంగా ఉంది. ఆ పిట్ట తిరిగే వాగులకు మాత్రం వన్యప్రాణి చట్టం కింద ఏ హోదా లేదు. దీన్ని కలివికోడితో పోల్చి చూడండి. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లా పొదల్లో మళ్లీ దొరికింది. రెండేళ్లకే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తర్వాత దానికోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చాల్సి వచ్చింది. ఒక పక్షికి ఒక అడవి దక్కింది. ఇంకో పక్షికి పేరు దక్కింది. ఈ తేడా శాస్త్రంలో లేదు. లంకమల పొదలకు గిరాకీ తక్కువ, అనంతగిరి కొండల కింద బాక్సైటు ఉంది.

పక్షుల దగ్గరే ఆగిపోనక్కర్లేదు. మాడుగుల, చీడికాడ మండలాల్లో, అంటే మన్యం దిగి మైదానం మొదలయ్యే అంచున, గిరినాగు కనిపించిందన్న వార్త ఏటా ఒకటి రెండుసార్లయినా పత్రికల్లో వస్తుంది. పది, పన్నెండు అడుగుల పాము ఆయిల్‌పామ్ తోటలోనో జీడితోటలోనో కూలీల కంటపడుతుంది, పాములు పట్టేవాళ్లు వస్తారు, పట్టి అడవిలో వదులుతారు. ప్రపంచంలో గూడు కట్టే పాము ఇదొక్కటే. ఆడపాము ఒంటిని చుట్ట చుట్టి, ఆ చుట్టతోనే ఎండుటాకుల్ని ఈడ్చుకొచ్చి కుప్ప చేస్తుంది. మధ్యలో గుడ్లు పెట్టి, పిల్లలు బయటపడే రోజులు దగ్గరపడేదాకా మీదే కాపలా ఉంటుంది. ఆ కుప్పకు వెదురు రాల్చిన ఆకు కావాలి, వాననీరు నిలవని వాలు కావాలి, నెలల తరబడి ఎవరూ కదపని మూల కావాలి. ఇవన్నీ రిజర్వు ఫారెస్టు నడిమధ్యలోనే కాదు, దాని అంచున, తోటలూ అడవీ కలిసే చోట కూడా దొరుకుతాయి. గిరినాగును కాపాడాలంటే కంచె వేసిన అడవి సరిపోదు. తోట యజమాని గడ్డపార ఎత్తకుండా ఫోను ఎత్తాలి. ఈ పదిహేనేళ్లలో ఆ ఊళ్లలో వచ్చిన మార్పు సరిగ్గా అదే. పాము కనపడగానే చంపే అలవాటు తగ్గి, కబురు చేసే అలవాటు పెరిగింది. అది ప్రకటన ద్వారా రాలేదు. ఊరూరా తిరిగి చెప్పినవాళ్ల వల్ల వచ్చింది.

మరి ఏ హోదా లేకుండా మన్యం అడవి ఇంతకాలం ఎలా నిలిచింది? వన్యప్రాణి చట్టం వల్ల కాదు, రాజ్యాంగం అయిదో షెడ్యూలు వల్ల. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన గనుల లీజుల మీద నడిచిన వ్యాజ్యంలో 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని చెప్పింది. ఆ వ్యాజ్యం కోరింది ఆదివాసుల భూమి హక్కు. ఫలితంగా కాపాడబడింది ఆ భూమి మీద ఉన్న అడవి కూడా. తర్వాత 2015లో జీవో 97 పేరిట జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల రిజర్వు ఫారెస్టును బాక్సైటు కోసం మళ్లించబోతే ఊళ్లకు ఊళ్లు కదిలాయి. 2019లో ఆ జీవో రద్దయింది. ఆ పోరాటంలో ఎవరూ అబాట్స్ బాబ్లర్ పేరెత్తి ఉండరు. ఎత్తాల్సిన అవసరమూ లేదు. కాఫీ కథ కూడా ఇలాంటిదే. ఇక్కడ అరబికాను చెట్ల నీడలోనే పెంచుతారు కాబట్టి, కాఫీ వేసుకున్న గిరిజన రైతు పై చెట్టును నరకడు. సిల్వర్ ఓక్ నీడ అసలు అడవికి సాటిరాదన్న మాట నిజమే. కానీ పోడు కొట్టి బోడి అయిన కొండకూ కాఫీ కొండకూ తేడా విమానంలోంచి చూసినా తెలుస్తుంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ధర పెరిగితే నీడ కూడా నిలబడుతుంది. నగరానికి నీళ్లిచ్చే గోస్తనీ నది ఈ కొండల్లోనే పుట్టి బొర్రా గుహల మీదుగా తాటిపూడి జలాశయానికి చేరుతుందని గుర్తుంచుకుంటే, ఆ నీడ విశాఖ కుళాయి దాకా వస్తోందని అర్థమవుతుంది.

ఇక్కడ ఒక వాదం ఎదురవుతుంది. రిజర్వు ఫారెస్టు ఉంది, సమతా తీర్పు ఉంది, ఇంకా కొత్త హోదాలు దేనికి అంటారు. దీనికి 2022లో ఒక పెద్దపులి జవాబు చెప్పింది. ఆ ఏడాది మే నెలాఖరున కాకినాడ జిల్లా ప్రత్తిపాడు ప్రాంతంలో పశువుల్ని కొడుతూ కనిపించిన ఆ పులి, వారాల తరబడి బోనులకు చిక్కకుండా, అనకాపల్లి జిల్లాలోని ఊళ్ల మీదుగా ఉత్తరానికి సాగి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. చెరకు తోటలు, సరుగుడు తోటలు, జాతీయ రహదారి, రైలు పట్టాలు అన్నీ దాటింది. అది నడిచిన దారిలో ఒక్క గజం నేల కూడా అభయారణ్యం కాదు. ఈ మూడు జిల్లాల అటవీ సిబ్బందికి పులి వస్తే ఏం చేయాలన్న అనుభవం అంతకుముందు అంతంతమాత్రమే. దక్షిణాన నల్లమల సిబ్బందికి అది రోజువారీ పని. అభయారణ్యం అంటే హద్దు రాళ్లే కాదు, శిక్షణ పొందిన మనుషులు, కెమెరాలు, పశువు చస్తే వెంటనే చేతికందే పరిహారం, బడ్జెట్లో ఒక పద్దు. హోదా లేకపోతే ఇవేవీ రావు. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల్లోకి వచ్చే ఎలుగుబంట్లకు మనుషులు బలవుతున్నారు, ఎలుగులూ చస్తున్నాయి. ఒడిశా వైపునుంచి వచ్చిన ఏనుగుల గుంపు పార్వతీపురం మన్యం జిల్లాలో ఏళ్ల తరబడి వరి చేలు తొక్కుతూ తిరుగుతోంది, విద్యుత్తు తీగలకు తగిలి చచ్చిన ఏనుగులు ఉన్నాయి, ఏనుగుల కాళ్లకింద పడి పోయిన రైతులూ ఉన్నారు. చెట్టు నరక్కుండా ఆపడానికి రిజర్వు ఫారెస్టు చట్టం పనికొస్తుంది. నడిచే జంతువుకు అది దారి చూపదు.

అయితే అనంతగిరి నుంచి చింతపల్లి దాకా ఒక జాతీయ ఉద్యానం ప్రకటించెయ్యొచ్చు కదా అని ప్రకృతి ప్రేమికులు చాలామంది అంటారు. ఆ ఆలోచనను నేను ఒప్పుకోను. 1972 చట్టం ప్రకారం జాతీయ ఉద్యానంలో పశువుల మేతకు తావు లేదు, పుల్ల ఏరుకునే హక్కు కూడా మిగలదు. 2008లో పాపికొండలు సుమారు 1,012 చదరపు కిలోమీటర్లతో జాతీయ ఉద్యానమైంది. దాన్ని ఆనుకుని, దానిలో కొంత భాగాన్ని కూడా ముంచుతూ పోలవరం జలాశయం వస్తోంది. కొండరెడ్లకు వెదురు నరకవద్దని చెప్పే చట్టం అంత పెద్ద ప్రాజెక్టును ఆపలేకపోయింది. ఈ రెండూ ఒకే అడవిలో, ఒకే కాలంలో జరిగాయి. అలాంటి చట్టాన్ని మన్యం మీదికి తీసుకెళ్తే, గనులను అడ్డుకుని అడవిని నిలబెట్టిన మనుషులే అటవీశాఖకు శత్రువులవుతారు. 2006 అటవీ హక్కుల చట్టం ఇందుకు వేరే దారి చూపింది. ఊరి అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే సామూహిక హక్కును గ్రామసభకు ఇచ్చింది. మన దగ్గర వ్యక్తిగత పోడు పట్టాలు పంచినంత చురుగ్గా ఈ సామూహిక హక్కు పత్రాలు ఇవ్వలేదు. వోటుకు పట్టా పనికొస్తుంది, సామూహిక హక్కు పత్రం పనికిరాదు, అంతే.

పోడు సంగతి దాటవేస్తే మాత్రం ఈ వాదం నిజాయితీగా ఉండదు. గిరిజనులే అడవిని నరుకుతున్నారు కదా, వాళ్ల చేతికే ఎలా ఇస్తామన్నది అటవీ అధికారులు గట్టిగా అడిగే ప్రశ్న. పోడు వల్ల మన్యంలో కొండలు బోడి అయిన మాట కాదనలేం. ఒకప్పుడు పది పన్నెండేళ్లు బీడు పెట్టి మళ్లీ ఆ చోటికి వచ్చేవాళ్లు, ఇప్పుడు రెండు మూడేళ్లకే వస్తున్నారు. నేల కోలుకునే వ్యవధి పోయింది. కానీ ఆ వ్యవధి ఎందుకు తగ్గిందో కూడా చూడాలి. మాచ్‌ఖండ్, సీలేరు జలవిద్యుత్ ప్రాజెక్టులు లోయల్లోని మంచి భూముల్ని ముంచాయి, రిజర్వు హద్దులు మిగతా కొండల్ని మూశాయి, జనం పెరిగారు. ఇప్పుడు అనంతగిరి, కొయ్యూరు వైపు పంప్‌డ్ స్టోరేజి ప్రాజెక్టుల ప్రతిపాదనలు మళ్లీ అదే కొండల మీదికి వస్తున్నాయి. వారాంతాల్లో వంజంగి కొండ మీద మబ్బులు చూడటానికి నగరం నుంచి కార్ల బారులు కదులుతున్నాయి, కిందికి వచ్చేటప్పుడు ప్లాస్టిక్ అక్కడే ఉంటోంది. ఇన్నిటి మధ్య కత్తి పట్టుకున్నవాడు ఒక్కడే కనపడటం చూసేవాడి కంటి లోపం. కాఫీ వేసిన చోట పోడు తగ్గిందన్న ఒక్క అనుభవమే చాలు, ఆదాయం మారితే అలవాటు మారుతుందని చెప్పడానికి.

మళ్లీ మైదానానికి, పొగగొట్టాల నీడకు వద్దాం. విశాఖ ఉక్కు కర్మాగారం కోసం అరవైకి పైగా ఊళ్ల నుంచి సేకరించిన భూమి సుమారు 20 వేల ఎకరాలు. ఫర్నేసులు, మిల్లులు, టౌన్‌షిప్ కట్టగా చాలా భూమి అలాగే మిగిలింది. కొంత భాగంలో సంస్థే లక్షల చెట్లు పెంచింది, కొంత దానంతటదే తుప్పగా మారింది. కణితి జలాశయం ఉంది, అప్పికొండ వైపు ఇసుక మెట్టలున్నాయి. గోడ కట్టిన ఫ్యాక్టరీ తనకు తెలియకుండానే తీరంలో ఒక పెద్ద పచ్చని తావును కాపాడింది. ఊళ్లు ఖాళీ చేసి, నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డులు చేతపట్టుకుని ఇప్పటికీ ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న కుటుంబాల ముందు ఈ మాట అనడం కష్టమే, అది వాళ్ల త్యాగానికి ప్రతిఫలం కానేకాదు. కానీ 2021 జనవరిలో కేంద్రం పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయం తీసుకున్నప్పటినుంచి, 2025లో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించాక కూడా, మిగులు భూముల మాట వినిపిస్తూనే ఉంది. ఆ భూముల విలువ కట్టేవాళ్లు ఎకరం ధర లెక్కవేస్తారు, ఎండిన సెజ్‌ల నడుమ అది నగరపు దక్షిణ కొసకు ఉన్న ఏకైక ఊపిరి అన్నది ఏ పట్టికలోనూ ఉండదు. అక్కడికి దగ్గర్లోనే కొండకర్ల ఆవ. కొల్లేరు తర్వాత రాష్ట్రంలో రెండో పెద్ద మంచినీటి సరస్సుగా దీన్ని చెప్పుకుంటారు. రెండు తాటి మొద్దుల్ని తొలిచి, పక్కపక్కన కట్టిన తాటిదోనె మీద అక్కడి మత్స్యకారులు తామరాకుల మధ్య వల విప్పుతూ వెళ్తుంటే, ఆ దోనె పక్కనే నీటికోళ్లు బెదరకుండా ఈదుతుంటాయి. కొల్లేరుకు 1999లో 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, 2002లో రాంసర్ గుర్తింపు వచ్చాయి. తర్వాత చేపల చెరువుల గట్లు కొట్టడం, మళ్లీ కట్టడం, కోర్టులు, కొట్లాటలు అన్నీ వచ్చాయి. కొండకర్లకు ఏదీ రాలేదు. కొల్లేరు హోదా వద్దు దానికి. హైదరాబాదు శివారులోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించిన పద్ధతి ఇక్కడికి బాగా అతుకుతుంది. చేపల వేట ఆగదు, పూడ్చడం ఆగుతుంది.

సముద్రపు ఒడ్డుకు ఏ అభయారణ్యం లేకపోయినా తాబేళ్లు వస్తూనే ఉన్నాయి. చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రుషికొండ, సాగర్‌నగర్, భీమిలి వైపు ఇసుకలోకి ఎక్కి ఒక్కోటి సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్తాయి. కుక్కలూ నక్కలూ తవ్వకముందే తెల్లవారుజామున జాలరి కుర్రాళ్లు ఆ గుడ్లను తెచ్చి, అటవీశాఖ హేచరీల్లో, తాబేలు తవ్వినంత లోతులోనే పూడ్చి, తేదీ రాసిన పుల్ల గుచ్చుతారు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి కాబట్టి నీడ కూడా లెక్కే. ఇంత శ్రమ ఒకవైపు, ఇంకోవైపు మరబోట్ల వలల్లో ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చే పెద్ద తాబేళ్లు. వలకు తాబేలు బయటపడే అమరిక పెట్టాలన్న నియమం కాగితం మీదే ఉంది. దానివల్ల రొయ్యలు జారిపోతాయన్న బోటు యజమానుల ఫిర్యాదులో కొంత నిజముంది. ఆ నష్టాన్ని ఎవరు భరించాలో తేల్చకుండా నియమం అమలు కాదు. మత్స్యకారుడు ముందుకు వస్తాడనడానికి తంతడి తీరం నిదర్శనం. 2021 డిసెంబరులో అక్కడ వలలో చిక్కి తీరానికి వచ్చిన రెండు టన్నుల వేల్ షార్క్‌ను అటవీ సిబ్బందితో కలిసి మత్స్యకారులే సముద్రంలోకి నడిపించారు. ఉత్తరాన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు కట్టే పెలికాన్లనూ ఎర్రకాళ్ల కొంగలనూ ఊరివాళ్లే తరాలుగా కాపాడుతున్నారు.

చివరికి మిగిలేది నగరవాసుల అభ్యంతరం. కంబాలకొండ చిన్నది, చుట్టూ నగరం కమ్మేసింది, నాలుగు చిరుతల కోసం ఇంత విలువైన భూమిని ఎందుకు బిగపట్టాలి అంటారు. 2022 జూన్‌లో ప్రతి అభయారణ్యం చుట్టూ కిలోమీటరు మేర రక్షిత మండలం ఉండాలని సుప్రీంకోర్టు అన్నప్పుడు దేశమంతా గగ్గోలు పుట్టింది, 2023 ఏప్రిల్‌లో ఆ ఆదేశాన్ని కోర్టే సడలించింది. ముంబైలో సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానం సుమారు వంద చదరపు కిలోమీటర్లే, చుట్టూ జనం కోటికి పైనే. అక్కడ చిరుతలు బతుకుతున్నాయి, నగరపు పాత జలాశయాలు రెండు ఆ అడవిలోనే ఉన్నాయి. విశాఖకు ముడసర్లోవ అలాంటి పాత నీటి వనరే, కంబాలకొండ వాలు నీళ్లే దానికి ఆధారం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని ఊడ్చినప్పుడు చెట్లు లేని కొండల మీద వాన ఎలా దిగిందో, చెట్లున్న కొండల మీద ఎలా దిగిందో ఈ ఊరు చూసింది. చిన్నదన్న అభ్యంతరానికి సరైన జవాబు దాన్ని తీసెయ్యడం కాదు, పక్క కొండతో కలపడం. కంబాలకొండకు పడమర సింహాచలం కొండ. రెండింటికీ మధ్య హనుమంతవాక-అడవివరం రోడ్డు. ఏటా ఆషాఢ పౌర్ణమికి లక్షలమంది గిరిప్రదక్షిణలో నడిచేది ఆ రోడ్డు మీదే. మిగతా రోజుల్లో రాత్రిళ్లు జంతువులు దాటేదీ అక్కడే. 2025 అక్టోబరులో ప్రకటించిన గూగుల్ డేటా సెంటర్ ప్రతిపాదిత స్థలాల్లో అడవివరం కూడా ఉంది.

కాబట్టి పనుల వరసలో అడవివరం మొదటిది. అక్కడ స్థలం చదును కాకముందే, రోడ్డు వెడల్పు కాకముందే, జంతువులు దాటే రెండు మూడు చోట్లు గుర్తించి కింద దారులు వదలాలి. రోడ్డు వేశాక తవ్వాలంటే ఖర్చు అనేక రెట్లు. సింహాచలం కొండలో చాలా భాగం దేవస్థానానిది. పంచగ్రామాల భూసమస్యతో తలమునకలైన దేవస్థానానికి కొండ పైభాగాన్ని సామూహిక రిజర్వుగా ఇవ్వడం వల్ల పోయేదేమీ లేదు, ఆక్రమణల నుంచి అదనపు రక్షణ దొరుకుతుంది. 2002లో చట్టాన్ని సవరించి తెచ్చిన ఈ రకం రిజర్వుల్లో భూమి యాజమాన్యం మారదు, హక్కులు పోవు. కొండకర్ల రెండోది, దానికి పెద్ద డబ్బు కూడా అక్కర్లేదు, సరిహద్దు కొలిపించి రాళ్లు పాతితే సగం పని అవుతుంది. ఉక్కు భూముల్లో అప్పికొండ వైపు భాగాన్ని అమ్మకాల జాబితాల నుంచి ముందే తీసి పక్కన పెట్టడం మూడోది. అనంతగిరి చివరిది. అన్నిటికన్నా విలువైంది అదే అయినా చివరనే పెట్టాలి, ఎందుకంటే అక్కడ ముందు గ్రామసభల చేతికి సామూహిక హక్కు పత్రాలు అందాలి, ఆ తర్వాతే వన్యప్రాణి హోదా సంగతి వాళ్లతో కూర్చుని మాట్లాడాలి. అటవీశాఖ ఇన్నాళ్లూ ముందు నోటిఫికేషన్ ఇచ్చి తర్వాత ఊళ్లకు కబురు చేసింది.